ముప్పై అంటే పదిహేడు

మొన్న మా వంటింటి వెనక చావిడికి రేకులు మార్పిద్దామని భోపాలపట్నంలో కొత్తగా పెట్టిన రేకుల దుకాణానికి వెళ్ళాను. బేరానికి వెళ్ళేటప్పుడు మా ఇంటి ఆడవాళ్ళు పాటించే నియమాలన్నీ పాటించే వెళ్ళాను. వెలిసిన చీర కట్టుకున్నాను, చెవులకున్నవి కొంగుతో కప్పుకున్నాను, రిక్షావాడిని దుకాణం ముందు కాకుండా సందు మలుపులోనే ఆపించి అక్కడినుంచి కొంచెం కుంటుతూ నడిచాను. ఇంత చేశాక గల్లా దగ్గర కూర్చుని ఉన్నది సేటు కాదు, ఆయన కొత్త కోడలు. చేతిలో ఫోను. పొడవెంత, వెడల్పెంత, వాలు ఎంత అని మూడు ముక్కలడిగింది. నేను అలవాటు ప్రకారం పొడవుకి రెండడుగులు కలిపి చెప్పాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "ఆంటీ, ఉన్నదున్నట్టు చెప్పున్రి. మీరు ఎక్కువ చెప్తే ఫోను గూడ ఎక్కువే చెప్తది, దానికి తగ్గించుడు రాదు" అంది. దాంతో నా గాలి సగం పోయింది. నిజం చెప్పాను. ఆమె వేలితో రెండుసార్లు తట్టి, "పందొమ్మిది రేకు చద్దర్లు. ఎక్కువ లేదు, తక్కువ లేదు" అంది.

పందొమ్మిది అంటే పందొమ్మిదే. దాన్ని పద్దెనిమిది చేయడానికి గానీ ఇరవై చేయడానికి గానీ నాకు ఎదురుగా మనిషే లేడు. అంత కుంటుడూ వృథా అయిపోయిందని తిట్టుకుంటూ రిక్షా ఎక్కాను గానీ, దారిపొడుగునా నా చెవుల్లో ఆ పిల్ల గొంతు కాదు, ఒకప్పుడు వానలో ఇంటి కప్పు మీదినుంచి మా నాన్న వేసిన కేక వినబడుతూనే ఉంది.

మాది బస్తరులో తర్లగూడ దారిలో ఉండే చిన్న ఊరు. మా తాత గోదావరి దాటి ఉప్పు బస్తాలతో వచ్చి, ఎండుచింతపండూ సారపప్పూ తీసుకుపోయే వ్యాపారం మొదలుపెట్టి, చివరికి తిరిగిపోవడం మరిచిపోయి అక్కడే కొట్టు పెట్టాడట. నేను పుట్టేసరికి మా ఇంట్లో ఉప్పు తెలుగులో అమ్మేవాళ్ళం, సారపప్పు అడవి ఊళ్ళ దొర్లవాళ్ళ భాష దొర్లీలో కొనేవాళ్ళం, తహసీలు ఆఫీసునుంచి ఎవరైనా వస్తే హిందీలో దండం పెట్టేవాళ్ళం, పోట్లాడుకోవడం మాత్రం మూడిట్లోనూ పోట్లాడుకునేవాళ్ళం. ముందు కొట్టు, వెనక ఒకే ఒక పెద్ద గది, మధ్యలో గోడ, ఆ గోడమీద వెన్ను పట్టె, దానికి అటొక వాలు ఇటొక వాలుగా గూన పెంకుల కప్పు. ఏటా వానలకి ముందు పెంకులు సర్దేవాళ్ళు ఎక్కి పగిలినవి తీసి కొత్తవి దూర్చేవాళ్ళు. మన ఈడు వాళ్ళందరికీ తెలిసిన ఇల్లే అది, నేను వర్ణించక్కర్లేదు.

కానీ మా ఇంటి లెక్కల సంగతి మాత్రం చెప్పాలి, అది తెలియకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మా ఇంట్లో ఏ అంకెనీ ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు లేదు. అది అబద్ధమని మేమెవరమూ అనుకోలేదు, మర్యాద అనుకునేవాళ్ళం. చెప్పేవాడు కలిపి చెప్తాడని వినేవాడికి తెలుసు, వినేవాడు కోస్తాడని చెప్పేవాడికి తెలుసు, ఇద్దరికీ తెలిసిన సంగతిలో మోసం ఎక్కడుంది? నలుగురు చుట్టాలొస్తున్నారని నాన్నకి కబురందితే అమ్మతో ఐదుగురని చెప్పేవాడు. నాన్న మాటలో ఒకటి తీసేయాలని అమ్మకి తెలుసు గనక నలుగురికి వండేది. అందరూ సుష్టుగా తినేవాళ్ళు. నాకు సంబంధాలు చూసేటప్పుడు నాన్న నా వయసులో రెండేళ్ళు తగ్గించి చెప్తే, వచ్చినవాళ్ళు మా ఇంటి సంగతి తెలిసినవాళ్ళు గనక మనసులో నాలుగేళ్ళు కలుపుకున్నారు. అలా ఒక పూటంతా నేను మా అక్కకంటే పెద్దదాన్నై కూర్చున్నాను. ఇంటిల్లిపాదీ ఒకే రకంగా వంకరగా ఉంటే గీత తిన్నగానే కనిపిస్తుంది కదా, మాకు అలాగే ఉండేది.

ఆ ఏడు వైశాఖం చివర్లో వడగళ్ళ వాన పడింది. అంతకుముందూ పడింది, తరవాతా పడింది గానీ అలాంటిది నేను మళ్ళీ చూడలేదు. కోడిగుడ్లంత రాళ్ళు పెంకుల మీద పడుతుంటే ఆ చప్పుడుకి మేము కొట్టులో బల్లల కింద దూరాం. కాసేపటికి చప్పుడు ఆగింది, తలెత్తి చూస్తే నెత్తిన ఆకాశం ఉంది. కప్పంతా ముక్కలై నేలమీద పరుచుకుంది. ఊళ్ళో ఏ పెంకుటిల్లూ మిగల్లేదు. అక్క వెనక గదిలో మంచం మీద దుప్పటి కప్పుకుని, ఆ దుప్పటి నిండా పెంకు ముక్కలతో, కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది.

అక్కకి అప్పుడు ఆరో నెల దాటుతోంది. బావ బచేలి గనుల్లో పని. అక్కడ కంపెనీ క్వార్టరుంది, ఆసుపత్రి ఉంది, అయినా అక్కని పుట్టింటికి తెచ్చుకున్నాం. ఎందుకంటే అంతకుముందు రెండు కాన్పులు అక్కడే, రెండూ చేతికందలేదు. ఈసారి ఇక్కడ జరగాలని అమ్మ పట్టుబట్టింది. వడగళ్ళు పడ్డాక నాన్న మళ్ళీ బచేలి పంపేద్దామన్నాడు గానీ మంత్రసాని చూసి, ఈ పిల్ల బస్సెక్కితే దారిలోనే ఐపోతది, మంచం దిగనియ్యకున్రి అని కట్టడి చేసింది. అంటే అక్క ఆ గదిలోనే ఉండాలి. వానలు వస్తాయి. ఆ గదికి కప్పు లేదు. మిగతా విషయాలన్నీ ఆ మూడు మాటల తరవాతే.

కుమ్మరి ఆవంలో ఉన్న పెంకులు తెల్లారేలోపే అమ్ముడైపోయాయి. మళ్ళీ మట్టి తొక్కి, చేసి, ఆరబెట్టి, కాల్చేలోపు వానలు దిగిపోతాయి. కప్పుకోడానికి గడ్డి కోసే కాలం కాదు. అప్పుడు నాన్న, రాళ్ళు పడ్డా పగలని ఇనప రేకులు వేయిద్దామన్నాడు. గోదావరి అవతల మా చిన్నాన్నకి ఇనప సామాన్ల కొట్టుంది. నదిమీద అప్పటికి వంతెన లేదు, పడవలే. నీళ్ళు పెరిగితే పడవలు కట్టేస్తారు, దసరా దాకా అటు మనిషి ఇటు రాడు. కాబట్టి రేకులు ఒకేసారి రావాలి, వచ్చినవే వేసుకోవాలి. తక్కువైతే తెప్పించుకోలేం, ఎక్కువైతే తిరిగివ్వలేం.

వడ్రంగి వచ్చాడు. దూలాల మీద పిల్లిలా నడిచి, దారం పట్టి, మూర వేసి, మధ్యలో రెండుసార్లు లెక్క మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టి, దిగివచ్చి ఇరవై నాలుగు అన్నాడు.

"రెండు ఎక్కువ చెప్పినవు గదా" అన్నాడు నాన్న.

"చెప్పిన. నువ్వు కోస్తవని చెప్పిన. చెప్పకుంటే ఇరవై రెండుకి ఇరవై అంటవు, రేపు నీ ఇల్లు కురిస్తే నన్ను తిడ్తవు" అన్నాడు వడ్రంగి, ఏమాత్రం సిగ్గుపడకుండా.

కాబట్టి ఇరవై రెండు. ముందు వాలుకి పదకొండు, వెనక వాలుకి పదకొండు. ఇది అందరం ఒప్పుకున్న అంకె. అక్కడితో ఆగి ఆ అంకెనే అవతలికి పంపి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నాన్న చెయ్యి గడ్డం మీదకి పోయింది. తమ్ముడు కోస్తాడు, ఎప్పుడూ కోస్తాడు, ఇరవై రెండంటే పదహారు పంపుతాడు. ఇక్కడ చూస్తే పిల్ల కడుపుతో ఉంది, ఒక్క రేకు తగ్గినా కుదరదు. అమ్మ కూడా, జర ఎక్కువే చెప్పున్రి, మీ తమ్ముడి చెయ్యి సంగతి నాకెరికే అంది. నేనూ తలూపాను. ముగ్గురం బాగా ఆలోచించి పడవ సరంగుతో ముప్పై అని చెప్పి పంపాం. చీటీ రాయలేదు, మా ఇంట్లో కాగితం మీద పెట్టిన అంకెకి విలువ తక్కువ. మనిషి నోటితో చెప్తే అందులో ఎంత కలిసి ఉందో గొంతు బట్టి తెలుస్తుందని మా నమ్మకం.

అవతల చిన్నాన్న ఏమనుకున్నాడో మాకు చాలాకాలం తరవాత తెలిసింది. ఆయన పిసినారితనంతో కోయలేదు. అన్నకి కష్టమొచ్చింది, కష్టంలో ఉన్నవాడు భయంతో ఎప్పటికంటే ఎక్కువ కలుపుతాడు, అమ్ముడుపోని ఇనుము నెత్తిన పెట్టి వానాకాలమంతా వాణ్ణి ఇబ్బంది పెట్టకూడదు, అని ప్రేమగా ఆలోచించి ముప్పైలో సగం తీసి, అన్న గదా అని మీద రెండు వేసి పంపాడు.

పదిహేడు వచ్చాయి.

ఎడ్లబండి మీదినుంచి దించేటప్పుడే నాన్న మొహం మారింది. ఆయన లెక్కపెట్టాడు, అమ్మ లెక్కపెట్టింది, నేను మధ్యలో ఏవైనా రెండు అతుక్కుని ఉన్నాయేమోనని ప్రతి రేకు అంచూ గోటితో గీరి చూశాను. రేకులకి కొత్త ఇనుము వాసన, నా వేళ్ళకి రక్తం. బండివాడిని అడిగితే, అదే ఆఖరి పడవ సావుకారీ, మేం దిగినంక సరంగు తాడు కట్టేసిండు అన్నాడు. వెనక గదిలోంచి అక్క, ఎన్నొచ్చినయే అని నన్నడిగింది. చాలినన్ని అన్నాను. అదీ మా ఇంటి అంకే గనక అక్క వెంటనే గ్రహించింది, మళ్ళీ అడగలేదు.

తరవాత నేను తిరిగిన తిరుగుడు ఇప్పుడు తలుచుకుంటే మోకాళ్ళు నొప్పెడతాయి. మా కుటుంబంలో బేరానికి నన్నే పంపేవాళ్ళు. పచ్చిమిరపకాయల దగ్గర కరివేపాకు ఊరికే తెచ్చుకోవడం కాదు, కరివేపాకు కొంటున్నట్టు నటించి మిరపకాయలు ఊరికే తెచ్చుకునేంత పేరు నాకుండేది. ఆ పేరు పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను, భోపాలపట్నం వెళ్ళాను, సంతలో నిలబడ్డాను, రోడ్డు కంట్రాక్టరు సామాన్లు దాచే దొడ్డి ముందు పొద్దంతా కూర్చున్నాను. ఐదు రేకులు, పాతవైనా సరే, తుప్పు పట్టినా సరే. మొదట్లో మామూలుగానే ఎదుటివాడి వస్తువుకి వంకలు పెట్టి మొదలుపెట్టాను. నాలుగో చోటికి వచ్చేసరికి వంకలు మానేశాను. ఆరో చోట, మీరెంతంటే అంత అన్నాను. ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు, అంటున్నప్పుడు నాలుక తిమ్మిరెక్కింది. అయినా ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వననలేదు పాపం, చేతులెత్తి తమ ఇంటికేసి చూపించారు. వాళ్ళ నెత్తిన కూడా ఆకాశమే ఉంది. అడిగినంత ఇస్తానన్నా దొరకని వస్తువంటూ లోకంలో ఉంటుందని దుకాణంలో పుట్టి పెరిగిన నాకు అప్పుడు తెలిసింది. ఆ దొడ్డి కాపలావాడు జాలిపడి, "కూర్చుంటే పొద్దు పోతది గని రేకులు రావు చెల్లే, ఇంటికి పో" అని తన సత్తు గిన్నెలోంచి ఇంత జావ పోసిచ్చాడు. తాగి, ఏడుస్తూ బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి ముందు వాలు కప్పడం అయిపోయింది. పదకొండూ నిండుగా, జానెడు జానెడు ఒకదానిమీదొకటి ఎక్కించి, ఉప్పు బస్తాల మీద, బెల్లం మీద, చింతపండు మీద. వెనక వాలుకి ఆరు మిగిలాయి. ఆ ఆరింటినే పదకొండు చేద్దామని నాన్న వడ్రంగితో వాదిస్తున్నాడు. జానెడు ఎందుకు, బెత్తెడు ఎక్కిస్తే సరిపోదా అంటాడు. బెత్తెడైతే గాలికి నీళ్ళు పైకెక్కుతాయంటాడు వడ్రంగి. పోనీ నీదొద్దు నాదొద్దు, బెత్తెడున్నర చెయ్యి అంటాడు నాన్న. "నాతోని ఆడు బేరం, రాత్రిదాకా ఆడు, నేను మనిషిని. వానతోని ఆడకు సావుకారీ" అని వడ్రంగి సుత్తి కింద పెట్టేశాడు. ఆరు రేకులు తలుపు వైపు వేసి, అక్క మంచం ఉన్న వైపు దొరికిన మంచి పెంకులూ తాటాకులూ పరిచి, పైన ఒక టార్పాలిన్ కట్టి వెళ్ళిపోయాడు. మరునాటినుంచి ఆయనకి వేరే ఊళ్ళో పని.

ఆ రోజు అమ్మ, నాన్న పోట్లాడుకున్నారు. తెలుగులోనే, గొంతులు పెంచకుండా. నేను కొట్టులో ఉండి విన్నాను.

"ఉప్పుకి ఇనప కప్పు, నా బిడ్డకి తాటాకా" అంది అమ్మ.

"సామాను తడిస్తే వానకాలమంత ఏం తింటం? ఏంది నువ్వనేది? తాటాకు కిందనే నువ్వు నలుగురిని కన్నవు."

"కన్న. ఇద్దరే మిగిలిన్రు."

నాన్న లేచి వెళ్ళి టార్పాలిన్ తాళ్ళు ఇంకోసారి బిగించి వచ్చాడు. ఆయన తప్పు చేశాడని ఇప్పటికీ నేను అనలేను. ఆ బస్తాలు కేవలం మా తిండి కాదు, నది కట్టేశాక చుట్టుపక్కల ఊళ్ళకి దసరా దాకా ఉప్పు మా దగ్గరే దొరకాలి. అక్కని కొట్టులోకి మారుద్దామా అని కూడా అనుకున్నాం. కానీ కొట్టు వీధికంటే పల్లం, గట్టి వాన పడితే మోకాటి లోతు నీళ్ళు నిలుస్తాయి, అందుకే బస్తాలన్నీ ఎత్తు బల్లల మీద పెట్టేవాళ్ళం. మంచం వేసే చోటు కాదది. గాలి ఎక్కువ లేకుండా నాలుగు చినుకులు పడి ఊరుకుంటే తాటాకు ఆగుతుంది. మేమంతా మనసులో వానకి కూడా ఒక అంకె వేసుకుని, దాన్ని మా అలవాటు ప్రకారం తగ్గించుకుని కూర్చున్నాం.

మృగశిర దాటాక ఒక మధ్యాహ్నం పడింది. పట్టపగలే చీకటైంది. ముందు గాలి వచ్చి టార్పాలిన్‌ని ఒక మూల ఊడదీసింది, అది కాసేపు కప్పుమీద దబదబా కొట్టుకుని, తాళ్ళు తెంపుకుని, అవతల దొడ్లో జువ్వి కొమ్మల్లో చిక్కుకుంది. తాటాకులు ఒకటొకటిగా లేచిపోయాయి. అక్క మంచాన్ని అమ్మా నేనూ తలుపు వైపు, రేకుల కిందికి లాగాం. కానీ కప్పులేని ఆ ఐదు రేకుల మేర ఖాళీలోంచి గాలి నీళ్ళని అడ్డంగా కొడుతుంటే గదిలో పొడి మూల లేదు. అక్క అప్పుడు మంచం పట్టె పట్టుకుని అమ్మని కాదు, నన్ను పిలిచింది. నెలలు నిండలేదు. ఎనిమిదోది ఇంకా సగంలో ఉంది.

మంత్రసానిని పిలవడానికి నేను వీధిలో పరిగెత్తాను, ఆమె గోనెసంచి నెత్తిన వేసుకుని వచ్చింది. గది చూసి, బొగ్గుల కుంపటి పెట్టమంది, పెట్టాం, ఆరిపోయింది, మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఆరింది. ఆమె నన్ను పక్కకి తీసుకెళ్ళి, "పుట్టేది పిట్టంత ఉంటది బిడ్డా. దానికి పాలకంటె ముందు వెచ్చదనం గావాలె. తడిల పుట్టినదాన్ని నేను బతికియ్యలేను, ముందే చెప్తున్న" అంది. ఆమె మా ఇంటి మనిషి కాదు. ఆమె మాటలో తీసేయడానికేమీ లేదు. అది నాన్న కూడా విన్నాడు.

ఆయన కొట్టులోకి వెళ్ళాడు. నిచ్చెన ఎక్కి, లోపలినుంచే రేకుల కొక్కేలు విప్పడం మొదలుపెట్టాడు. నాకు మొదట అర్థం కాలేదు. తరవాత ఆయన చూరు పక్కనుంచి కప్పుమీదికి పాకాడు. ఆ గాలిలో, వానలో, పంచె ఒంటికి అతుక్కుపోయి, వెన్ను పట్టె మీద అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుని, ఉప్పు మీదున్న మొదటి రేకు అంచు పట్టుకుని దొడ్లో నిలబడ్డ నా వైపు తిరిగి అరిచాడు.

"ఎన్ని గావాలె బిడ్డా?"

ఆ ప్రశ్న మా ఇంట్లో రోజుకి వందసార్లు వినబడేది. దానికి ఎలా జవాబు చెప్పాలో నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. ఏడు అంటే ఐదు దొరుకుతాయి. కానీ ఏడు అన్నాననుకో, ఈయన ఈ గాలిలో ఏడింటికీ పూనుకుంటే? కోసి నాలుగే ఇస్తే? నీళ్ళు కళ్ళలో పడుతుంటే కప్పులోని ఆ ఖాళీ వైపు చూశాను.

"ఐదు" అన్నాను.

నాన్న ఒక్క క్షణం నన్ను చూశాడు. నాలుగు చాలవా అనలేదు. ఐదు తీశాడు. ఒక్కొక్కటే ఊడదీసి, వెన్ను పట్టె మీదినుంచి వెనక వాలుకి జార్చి, జానెడు జానెడు ఎక్కించి, నేను కింద బస్తాల మీద నిలబడి కొక్కేలు అందిస్తుంటే బిగించాడు. రెండో రేకు గాలికి ఎగిరి ఆయన ముంజేతిని చీల్చింది, రక్తం వానతో కలిసి రేకు ముడతల్లోంచి ధారగా దిగింది. నేను నిలబడ్డ బస్తా నా కాళ్ళ కింద మెత్తబడుతూ వచ్చింది. ముందు చీలమండలు కుంగాయి, తరవాత పిక్కలు. ఉప్పు కరుగుతోంది. బెల్లం గోనెల్లోంచి ఎర్రగా కారి కొట్టు నేలమీది నీళ్ళలో కలుస్తోంది. ఆ తడి బెల్లం వాసన ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందరూ పాకం వాసన కమ్మగా ఉందంటారు, నేను లేచి బయటికి వెళ్ళిపోతాను.

ఐదోది బిగించాక నాన్న దిగి, కొట్టు వైపు తల తిప్పకుండా వెనక గది గడపలో కూర్చున్నాడు. లోపల కుంపటి ఈసారి ఆరలేదు. పొద్దుగూకే వేళకి పిల్ల పుట్టింది. పుట్టాక చాలాసేపు ఏమీ వినబడలేదు. మంత్రసాని దాన్ని కుంపటి దగ్గర పెట్టి ఒళ్ళు రుద్దుతూనే ఉంది, అమ్మ గోడకేసి తల ఆనించి నిలబడింది, అక్క ఏమైందని కూడా అడగలేదు. రెండుసార్లు అడిగి ఉన్నది కదా. అప్పుడొచ్చింది ఒక చిన్న శబ్దం. ఏడుపు కూడా కాదు, కొత్త చెప్పు కిర్రుమన్నట్టు. నాన్న గడపలోంచి లేవకుండానే, "ఎంతుంటది బరువు" అని అడిగాడు. మంత్రసాని శేరుంపావు అంది. నాన్న అలవాటు ప్రకారం కొయ్యబోయి నోరు మూసుకున్నాడు.

ఆ తరవాతి రోజులు పుట్టిన రోజుకంటే సులువైనవేం కాదు. వాగు పొంగి భోపాలపట్నం దారి తెగింది. డాక్టరు లేడు, బావకి కబురు లేదు. పిల్లని దూదిలో చుట్టి అక్క రొమ్ముల మధ్య పెట్టి, పాలు వత్తితో చుక్కచుక్కా తాగించాం. ప్రతి ఉదయం అమ్మ ముందుగా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది, తరవాతే మొహం కడుక్కునేది. బయట కొట్టు ముందు వీధంతా తెల్లగా ఉప్పు చారలు కట్టి, ఊళ్ళో మేకలూ గొడ్లూ పొద్దున్నే వచ్చి మా వాకిలి నాకుతూ ఉండేవి. మిగిలిన ఆరు రేకుల కిందికీ వాన అడ్డంగా కొట్టి, ఉన్న మూడు బస్తాల ఉప్పూ అలా పోయింది, బెల్లం సంగతి సరేసరి. ఉప్పు సావుకారి ఇంట్లో ఉప్పు లేదు. చప్పిడి పప్పు తిన్నాం.

మాకు సారపప్పు తెచ్చే దొర్ల అవ్వ ఒకామె ఉండేది. వాగు కొంచెం తీయగానే ఉప్పుకోసం వచ్చి, సగం కప్పులేని కొట్టూ ఖాళీ బల్లలూ చూసి వెళ్ళిపోయింది. రెండు రోజులకి మళ్ళీ వచ్చింది. చేతిలో మోదుగాకు దొప్ప, దాన్నిండా ఉప్పు, పైకి కుప్పగా. వడగళ్ళకి ముందు మా దగ్గర కొనుక్కున్న ఉప్పే. "మీ బాపు తలగొట్టి కొలిచిచ్చిండు, నేను కుప్పబోసి తెచ్చిన. దార్ల కొంచెం రాలింది, దానికి నన్ను తిట్టకున్రి" అని నవ్వి, పిల్లని చూసి పోయింది. నాన్న ఆ దొప్పని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆయన అరచెయ్యి ఆ కుప్పమీదికి, చదును చేయడానికి, తెలియకుండానే వెళ్ళి ఆగిపోవడం నేను చూశాను.

దసరాకి పడవలు విప్పగానే చిన్నాన్న మిగిలిన పదమూడు రేకులూ వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. వాకిట్లో నిలబడి ఏడుస్తూ, "అన్నా, నువ్వు ముప్పై అంటే నిజంగ ముప్పై అనుకోలేదే" అన్నాడు. నాన్న, "ముప్పై కాదురా, ఇరవై రెండే" అన్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని, ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో కూడా తెలియదు.

కొట్టు మళ్ళీ తేరుకోలేదు. నాన్న తరవాత భోపాలపట్నంలో వేరేవాళ్ళ గోదాములో తూకం దగ్గర పనిచేశాడు. దానిగురించి ఆయన ఎప్పుడూ బాధపడినట్టు మాట్లాడలేదు. పిల్ల బచేలినుంచి సెలవులకి వస్తే మాత్రం రెండు చేతులతో పైకెత్తి, "మూడు బస్తాల పిల్ల వచ్చింది, దీనంత ఖరీదైన సరుకు బస్తరు జిల్లాల లేదు" అనేవాడు. అది పెద్దదై, చదువుకుని, తనకి పిల్లలు పుట్టాక కూడా ఆ మాటే. పోయే ముందు నెల ఎత్తలేక, చెయ్యి మాత్రం పట్టుకుని ఎగరేసినట్టు చేశాడు.

ఇప్పుడు నదిమీద వంతెన ఉంది, లారీ ఏ నెలలోనైనా వస్తుంది. ఉప్పు ప్లాస్టిక్ పొట్లాల్లో వస్తోంది, వాన పడినా కరగదు, కుప్పబోయడానికీ తలగొట్టడానికీ వీల్లేదు. రేకులు ఎన్ని కావాలో ఫోను చెప్తుంది, ఎవరూ దాన్ని నమ్మకుండా ఉండరు, అది కూడా మనం చెప్పింది నమ్ముతుంది. మంచిదే. ఈ లెక్క అప్పుడు ఉంటే మా నాన్న ముంజేతిమీద ఆ మచ్చ ఉండేది కాదు. అయినా ఆ పిల్ల పందొమ్మిది అన్నాక నేను గల్లా దగ్గర నిలబడి నిలబడి, చివరికి ఇరవై ఒకటి ఇమ్మన్నాను. ఎందుకు ఆంటీ అంది. ఊరికే అన్నాను.

ఆ మిగిలిన రెండు రేకులూ మా పెరటి గోడకి ఆనించి ఉన్నాయి. నిన్న మా అక్క కూతురు, ఆ మూడు బస్తాల పిల్లే, బచేలినుంచి వచ్చి చూసి, "చిన్నమ్మా, ఇవెందుకు పడేసిపెట్టినవు? దుకాణంల తిరిగి తీసుకుంటరు గదా, రేపు ఆటోల వేసి ఇచ్చేద్దాం" అంది. ఇప్పుడు తిరిగి కూడా తీసుకుంటారట. సాయంత్రం వాన పడుతుంటే అది లోపల పిల్లలతో నవ్వుతోంది, ఆ నవ్వుకి ఇంకా కొంచెం ఆ కిర్రుమనే జీర ఉంది. పెరట్లో ఆ రెండు రేకులమీద చినుకులు టపటపా మోగుతున్నాయి. రేపు తప్పకుండా ఇచ్చేద్దాం అన్నాను దానితో. నా మాటలో ఎంత తీసేయాలో దానికి తెలియదు, మా ఇంటి లెక్క దానిదాకా రాలేదు.